ఒకే ముఖం, రెండు వెలుగులు: ‘స్టెల్లా మారిస్’ ప్రాజెక్టు డైరీ

ఏం చేయబోతున్నాం

పని రెండు ముక్కలు. 1918లో వచ్చిన ‘స్టెల్లా మారిస్’ అనే మూకీ సినిమాను విశాఖపట్నం పెదవాల్తేరులో మా మేడ మీద తెర కట్టి, తెలుగు వ్యాఖ్యానంతో, వయొలిన్‌తో మా వీధివాళ్లకు చూపించడం మొదటిది. ఆ సినిమాలో ఒకే నటి ఇద్దరు అమ్మాయిలుగా ఒకే ఫ్రేములోకి ఎలా వచ్చిందో పాత కెమెరాతో, పాత పద్ధతిలో స్వయంగా చేసి చూడడం రెండోది. మొదటిదానికి రెండోది అవసరమా అంటే కాదు. కానీ ఈ సినిమా మీద నాకున్న ఇష్టమంతా ఆ ఇద్దరమ్మాయిల మధ్య ఉన్న తేడాలోనే ఉంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందో నా చేతికి తెలిస్తేనే నలుగురి ముందు దీని గురించి మాట్లాడగలను అనిపించింది.

మూలం విలియం జె. లాక్ అనే బ్రిటిష్ రచయిత నవల, 1913లో అచ్చయింది. ఒకప్పుడు లాక్ నవలలకు పాఠకులు బాగా ఉండేవారు, ఇవాళ ఆయన్ని చదివేవాళ్లు చాలా తక్కువ. నవలను తెరకు మలిచింది ఫ్రాన్సెస్ మారియన్. తర్వాతి కాలంలో సినిమా రచనకు రెండు ఆస్కార్లు అందుకున్నది ఈవిడే. దర్శకుడు మార్షల్ నీలన్, కెమెరా వాల్టర్ స్ట్రాడ్లింగ్. రెండు ముఖ్యమైన పాత్రలూ మేరీ పిక్‌ఫోర్డ్‌వి. అప్పటికి ఆమెకు 25 ఏళ్లు. రింగుల జుట్టుతో చిన్నపిల్ల వేషాలు వేసే నటిగా ప్రపంచమంతా ఎరిగిన ముఖం.

సినిమా విడుదలైన 1918 జనవరికి మొదటి ప్రపంచయుద్ధం ఇంకా నడుస్తోంది. మన ఊళ్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం లేదు, అది 1926లో వచ్చింది. హార్బరు లేదు, అది 1933లో మొదలైంది. తెలుగు మాట్లాడే సినిమా పుట్టడానికి ఇంకా 14 ఏళ్లుంది. అంత పాత వస్తువు.

కథ చెబుతాను. స్టెల్లా మారిస్ అంటే సముద్ర తార. పుట్టినప్పటి నుంచీ నడవలేని అమ్మాయి, లోటులేని ఇల్లు. పెంచుతున్నవాళ్లు లోకంలోని చెడు ఏదీ ఆ పిల్ల చెవిన పడనివ్వరు. దుఃఖాన్నీ, లోకజ్ఞానాన్నీ బయటే వదిలి రమ్మని, నవ్వులేని ముఖంతో లోపలికి రావద్దని ఆమె గది తలుపు మీద రాసి పెడతారు. యుద్ధం జరుగుతోందని ఆమెకు తెలియదు. ఆకలి అనేది ఒకటుందని తెలియదు. ఆ ఇంటికి వచ్చిపోయే జాన్ రిస్కా అనే పత్రికా రచయిత తన బతుకు ఏదో కోటలో రాజుగారి బతుకన్నట్టు ఆమెకు కబుర్లు చెబుతుంటాడు. నిజానికి అతనికి పెళ్లయింది, భార్య లూయీజా తాగుడుకు బానిస, ఆ కాపురం నరకం.

ఆ లూయీజా ఇంటిపనికి అనాథాశ్రమం నుంచి ఒక పిల్లను తెచ్చుకుంటుంది. పేరు యూనిటీ బ్లేక్. ఒక రాత్రి సరుకులు తెమ్మని పంపితే దారిలో కుర్రాళ్లు లాక్కుపోతారు. వట్టి చేతులతో వచ్చిన పిల్లను లూయీజా చచ్చేట్టు కొడుతుంది. ఆ నేరానికి మూడేళ్లు జైలుకు వెళుతుంది. మనసు చివుక్కుమన్న జాన్ యూనిటీని దత్తత తీసుకుంటాడు. తనతో జీవితంలో మొదటిసారి మెత్తగా మాట్లాడిన మనిషి మీద ఆ పిల్లకు ప్రేమ కలుగుతుంది. జాన్ మనసేమో స్టెల్లా దగ్గరుంది. మరోపక్క స్టెల్లాకు ఆపరేషన్ జరుగుతుంది, లేచి నడుస్తుంది, తలుపు మీద రాత దాచిపెట్టిన లోకాన్ని మొదటిసారి చూస్తుంది. చివరికి జైలు నుంచి వచ్చిన లూయీజా నోటి నుంచే జాన్ పెళ్లి సంగతి ఆమెకు తెలుస్తుంది. ఇక యూనిటీ ఏం చేస్తుందో తర్వాత రాస్తాను.

డబుల్ రోల్ మన ప్రేక్షకుడికి కొత్త కాదు. ఒకరు అమాయకులు, ఇంకొకరు గడుసువాళ్లు, మధ్యలో తారుమారు, ఆఖర్న ఇద్దరూ కలవడం. ఇక్కడ తారుమారు లేదు. ఇద్దరూ కవలలు కారు, చుట్టాలు కారు. కథ వాళ్ల పోలిక మీద నడవదు. మరి ఒకే నటి ఎందుకు? నాకు తోచింది ఇదీ: ముఖం ఒకటే, ఎముకలు అవే, కళ్లు అవే. ఒక పిల్లను నవ్వుతున్నవాళ్లే ముట్టుకున్నారు, ఇంకో పిల్లను కొట్టడానికి తప్ప ఎవరూ ముట్టుకోలేదు. ఆ ముఖం రెండు రకాలుగా ఎలా ఎదిగిందో పక్కపక్కన పెట్టి చూపించారు. నా దృష్టిలో ఇది స్టెల్లా పేరు పెట్టుకున్న యూనిటీ సినిమా.

వేగం, రంగు

కాపీరైటుతో చిక్కు లేదు. మన చట్టం ప్రకారం సినిమాకు విడుదలైన తర్వాత 60 ఏళ్లు రక్షణ, అది ఎప్పుడో దాటిపోయింది. మాకు అందిన కాపీని ల్యాప్‌టాప్‌లో వేస్తే మొదటి సమస్య వేగం.

మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే 8 ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు అంటే 16 ఫ్రేములు అనేది లెక్క. ఆచరణలో కెమెరామన్ చేతిని బట్టి, సన్నివేశాన్ని బట్టి అది మారుతుండేది. మాట్లాడే సినిమా వచ్చాకే 24 స్థిరపడింది. 35 ఎం.ఎం. ఫిల్ము అడుగుకు 16 ఫ్రేములు, వెయ్యి అడుగుల రీలులో 16,000. దాన్ని 16 చొప్పున నడిపితే పదహారున్నర నిమిషాలు దాటుతుంది, 24 చొప్పున నడిపితే 11 నిమిషాల్లో అయిపోతుంది. పాత సినిమాల్లో మనుషులు గబగబా పరుగులు తీస్తున్నట్టు ఉంటారని మనం నవ్వుకునేది ఇందుకే. నవ్వాల్సింది వాళ్లను చూసి కాదు, తప్పు వేగంలో నడిపినవాళ్లను చూసి.

సరైన వేగం పట్టుకోవడానికి నాకు టెడ్డీ సాయపడింది. టెడ్డీ ఈ సినిమాలో స్టెల్లా దగ్గరుండే పెద్ద గ్రేట్ డేన్ కుక్క. మనుషులు నటించేటప్పుడు కావాలనే నిదానంగానో హడావుడిగానో కదులుతారు, కుక్క మామూలుగానే నడుస్తుంది. టెడ్డీ నడక మన వీధిలో పెద్ద కుక్క నడకలా అనిపించేదాకా వేగం మారుస్తూ పోయాను. 19, 20 మధ్యలో కుదిరింది. ఆ వేగంలో యూనిటీ తలెత్తి చూసే చూపులు కూడా స్థిమితపడ్డాయి. వేగం ఎక్కువైతే ఆ పిల్ల భయం తుళ్లిపాటులా కనిపిస్తుంది, నవ్వొస్తుంది. సరైన వేగంలో నవ్వు రాదు.

రెండోది రంగు, అంటే నలుపు తెలుపుల్లో రంగు. అప్పటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు నీలం, ఆకుపచ్చ తెలుస్తాయి, ఎరుపు తెలియదు. ఎర్రటివన్నీ నల్లగా, నీలివన్నీ తెల్లగా పడతాయి. దీన్ని మా మేనకోడలి మీద పరీక్షించాను. తను ఇంటర్ రెండో సంవత్సరం. డిజిటల్ కెమెరాతో ఫొటో తీసి, ఎరుపు ఛానెల్ తీసేసి, మిగతా రెండింటితో నలుపు తెలుపు చేస్తే నుదుటి మీద కుంకుమ బొట్టు కాటుకలా నల్లబడింది. పెదవులు నల్లబడ్డాయి. చెంపల మీద ఎండకు కందిన చోట మచ్చలు తేలాయి. వెనక లాసన్స్ బే వైపు ఆకాశం కాగితంలా తెల్లబడి, సముద్రానికీ దానికీ మధ్య గీతే మాయమైంది. ఆమె చూసి “మావయ్యా, నాకు జ్వరం వచ్చినట్టుంది” అంది.

అప్పుడు అర్థమైంది మేకప్ సంగతి. ఆ ఫిల్ము మీద మనిషి చర్మం మెరిసేలా కనిపించాలంటే పొరలు పొరలుగా తెల్లని మేకప్ వేయాలి, జుట్టుకు వెనక నుంచి లైటు కొట్టాలి. స్టెల్లాకు ఇవన్నీ చేశారు. యూనిటీకి ఏ మర్యాదా చేయలేదు. జుట్టు తలకు అంటుకునేలా దువ్వి, ముఖం నల్లబడనిచ్చి, ఒక భుజం పైకి ఎత్తి ఉంచి, వెలుగును కఠినంగా వేశారు. ఆ కాలంలో అంత పేరున్న హీరోయిన్ తన ముఖాన్ని అలా వదిలేయడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. రింగుల జుట్టే ఆమె వ్యాపారం మరి.

అట్టపెట్టె ప్రయోగం

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి వివరంగా రాస్తాను.

స్టెల్లా, యూనిటీ ఒకే షాట్‌లో కనిపించాలంటే అప్పట్లో దారి ఇది. లెన్సు ముందు సగం మూసి, మిగతా సగంలో నటి ఒక వేషంలో నటిస్తుంది. కెమెరామన్ ఎన్ని చుట్లు తిప్పాడో లెక్కపెట్టుకుంటాడు. లెన్సు పూర్తిగా మూసి, అన్ని చుట్లూ ఫిల్మును వెనక్కి తిప్పుతాడు. ఈలోగా నటి రెండో వేషం వేసుకుని వస్తుంది. ఇప్పుడు మూసిన సగం తెరిచి, తెరిచిన సగం మూసి, అదే ఫిల్ము మీద మళ్లీ తీస్తారు. కంప్యూటర్ లేదు, చూసి సరిచేసుకునే వీలు లేదు. ఫిల్ము కడిగాకే కుదిరిందో లేదో తెలిసేది.

మా దగ్గర సినిమా కెమెరా లేదు. నాన్న వాడిన పాత 35 ఎం.ఎం. స్టిల్ కెమెరా ఉంది. అందులో ఒకే ఫ్రేము మీద రెండుసార్లు తీయడానికి పాతకాలం ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. అడుగున రివైండ్ బటన్ నొక్కి, రివైండ్ నాబ్‌ను కదలకుండా పట్టుకుని లివర్ లాగితే షట్టర్ ఎక్కుతుంది, ఫిల్ము జరగదు. వెంట్రుకవాసి జరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, అందుకని తీసే ముందు ఫిల్మును కొద్దిగా బిగించుకోవాలి.

లెన్సు ముందు జానెడు పొడవు అట్టపెట్టె బిగించాను. లోపలంతా నల్ల చార్టు పేపరు. పెట్టె చివర ఎడమ సగానికి ఒక అట్ట, కుడి సగానికి ఒక అట్ట, రెండూ ఒకే పెన్సిల్ గీత దగ్గర కలిసేలా జారుతాయి. ట్రైపాడ్ కాళ్లకు ఇసుక సంచులు కట్టాను, సముద్రపు గాలికి మా మేడ మీద బరువు లేనిదేదీ నిలబడదు.

పరీక్షలన్నీ అతుకు గురించే. రెండు అట్టలు ఒకదాని మీదికి ఒకటి వస్తే మధ్యలో నల్లచార పడుతుంది, ఎందుకంటే అక్కడికి రెండుసార్లూ వెలుగు చేరలేదు. రెండింటి మధ్య సందు మిగిలితే తెల్లచార, అక్కడ రెండుసార్లూ వెలుగు పడింది. సరిగ్గా గీత మీద కలిస్తే చార ఉండదు. ఇంతవరకు ఊహించిందే. ఊహించనిది అపర్చర్ సంగతి, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం. దాన్ని ఎఫ్16కి బాగా చిన్నది చేస్తే అట్ట అంచు పదునుగా పడుతుంది, కొంచెం తేడా వచ్చినా చార దాగదు. ఎఫ్4కి తెరిస్తే లెన్సుకు దగ్గరున్న అంచు బాగా మసకబారి, ఒక సగం మెల్లగా మాయమవుతూ ఇంకో సగం మెల్లగా మొదలవుతుంది. ఈ మసక ప్రాంతంలో మొదటిసారి తక్కువ పడిన వెలుగు రెండోసారి పూర్తవుతుంది. కంటికి అతుకే దొరకదు. ఎఫ్4 ఖాయం చేసుకున్నాను.

మిగతా శత్రువు మబ్బులు. రెండు ఎక్స్‌పోజర్ల మధ్య ఎండ మారితే ఒక సగం పగలు, ఒక సగం సాయంత్రం. మేనకోడలు జడ విప్పి, నూనె రాసి, దువ్వి, బట్టలు మార్చుకుని వచ్చేలోపు కైలాసగిరి వైపు నుంచి మబ్బు వచ్చేస్తుంది. చివరకు మెట్ల గదిలోకి మారాం. అక్కడ కిటికీ ఒక పక్క, తలుపు ఒక పక్క. అతుకును తలుపు చట్రం అంచు మీద పడేలా పెట్టాను, అక్కడ ఎలాగూ ఒక గీత ఉంటుంది కాబట్టి కన్ను వెతకదు.

అప్పుడే అసలు విషయం చేతికి తెలిసింది. రెండు సగాలూ వేరువేరుగా తీస్తున్నాం కదా, వెలుగు కూడా వేరువేరుగా పెట్టుకోవచ్చు! స్టెల్లా సగానికి కిటికీ మీద తెల్ల పంచె కట్టి వెలుగును మెత్తబరిచాను, జుట్టు వెనక చిన్న లైటు పెట్టాను. యూనిటీ సగానికి పంచె తీసేసి, నెత్తి మీద ఉత్త బల్బు. ఒకే గది, ఒకే ఫ్రేము, ఒకే పిల్ల. ఒకరి మీద వెలుగు వాలుతోంది, ఇంకొకరి మీద పడుతోంది.

చూపు కలవడం కూడా కష్టమే. ఎదుట మనిషి లేదు. స్టెల్లాగా కూర్చున్నప్పుడు యూనిటీ ముఖం ఎక్కడుంటుందో అక్కడ గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాం. మేనకోడలు రెండో వేషంలో ఆ గుర్తుకు తల ఆనించి నిలబడింది. భుజం ఎలా ఎత్తాలో తను సినిమా చూసి నేర్చుకుంది. కాసేపటికి “మెడ నొప్పి పుడుతోంది మావయ్యా, ఆవిడ రోజంతా ఇలా ఎలా ఉంది?” అని అడిగింది. నేను ఈ సినిమా గురించి చదివిన ఏ వాక్యమూ నాకు అంత నేర్పలేదు.

ఫిల్మును ఇంట్లోనే కడిగాం. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి, వేసవిలో మా కుళాయి నీళ్లు దానికి ఎక్కడో పైన ఉంటాయి. రాత్రిపూట బేసిన్‌లో ఐస్ ముక్కలు వేసి, థర్మామీటరు పెట్టుకుని కూర్చున్నాం. నెగటివ్ ఆరబెట్టి లైటు ముందు పెడితే ఒక ఫ్రేములో ఇద్దరూ ఉన్నారు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. అతుకు లేదు. మేనకోడలు ఆ ఫ్రేము చాలాసేపు చూసి, ఎడమ పక్క అమ్మాయి తనలా లేదంది.

దీని తర్వాత సినిమా మళ్లీ వేసుకుని చూశాను. ఇంత కష్టపడి చేసే డబుల్ ఎక్స్‌పోజర్‌ను నీలన్, స్ట్రాడ్లింగ్ ఎంత పొదుపుగా వాడారో అప్పుడు గమనించాను. ఇద్దరూ కలిసి కనిపించేది కాసేపే. మిగతా సినిమా అంతా ఆ ఇద్దరినీ వేరుగా నిలబెట్టింది పిక్‌ఫోర్డ్ ఒళ్లే. యూనిటీ నడిచేటప్పుడు గోడకు దగ్గరగా నడుస్తుంది, ఎవరైనా చెయ్యెత్తితే ముందే ముడుచుకుంటుంది. ఒకచోట జాన్ కోటును దగ్గరకు తీసుకుని, ఆ మనిషే పక్కనున్నట్టు ఊహించుకుంటుంది. ఈ సినిమాలో అంతకంటే గొప్ప ప్రేమ సన్నివేశం లేదని నా నమ్మకం. అందులో ప్రేమించబడుతున్న మనిషి లేనే లేడు.

గాంధారం

వయొలిన్ మా వీధి చివర ఉండే మాస్టారిది. పిల్లలకు పాఠాలు చెబుతారు. సినిమా మొత్తం చూశాక ఆయన మొదట అన్నమాట: “యూనిటీకి ఏడుపు వాయించమంటే నేను రాను బాబూ. ఆ పిల్ల ఏడవట్లేదు కదా, మనమెందుకు ఏడవాలి?”

నాకు ప్రాణం లేచివచ్చింది. మూకీలకు సంగీతం వేసేవాళ్లు చాలామంది చేసేది అదే, తెర మీద కన్నీళ్లు రాకముందే తీగ మీద తెప్పిస్తారు.

మాస్టారు చూపిన ఉపాయం నేను కలలో కూడా ఊహించనిది. స్టెల్లాకు మోహన రాగం. సరిగపద, ఐదే స్వరాలు, వాటిలో ‘గ’ అంతర గాంధారం, అంటే పై గాంధారం. ఆ ఒక్క గాంధారాన్ని కిందికి దించి సాధారణ గాంధారం చేస్తే శివరంజని. మిగతా నాలుగు స్వరాలూ అవే. “ముఖం ఒకటే అన్నారు కదా, రాగమూ దాదాపు ఒకటే పెడదాం” అన్నారు. స్టెల్లా గదిలో మోహన నడుస్తుంటుంది, తెర మీద యూనిటీ రాగానే గాంధారం జారుతుంది, అంతే. శివరంజనిలో కూడా ఏడుపు గమకాలు వద్దని, నాలుగు స్వరాలను సాదాగా పట్టుకుని గాంధారాన్ని అప్పుడప్పుడూ తాకి వదిలేస్తానని చెప్పారు. లూయీజా కొట్టే సన్నివేశానికి సంగీతమే లేదు. ఆపరేషన్ తర్వాత స్టెల్లా లోకాన్ని చూసి బెదిరినప్పుడు మాత్రం ఆమె మోహనలోకి ఒక్కసారి సాధారణ గాంధారం వచ్చి పోతుంది. రిహార్సల్లో అది విన్నప్పుడు నా చేతి మీద రోమాలు లేచాయి.

వ్యాఖ్యానం మా పెద్దమ్మది. రిటైరైన తెలుగు టీచరు. మూకీల రోజుల్లో మన దగ్గర హాళ్లలో తెర పక్కన ఒక మనిషి నిలబడి టైటిల్ కార్డులు చదివి, కథ చెప్పేవాడు, చదువురాని ప్రేక్షకులకు అదే ఆధారం. ఆ పద్ధతే పెట్టుకున్నాం. మా వీధిలో ఇంగ్లీషు కార్డులు చదవగలిగినవాళ్లు చాలామంది ఉన్నా, చదవడం వేరు, ఒక పెద్ద మనిషి గొంతులో కథ వినడం వేరు.

ఇక్కడ ఇంట్లో పెద్ద గొడవ అయింది. పెద్దమ్మ యూనిటీ మాటలను శ్రీకాకుళం యాసలో చెప్పింది. “నానేటి సేసినాను బాబూ, ఆ గుంటలు లాగేసుకున్నారు” అని. మేనకోడలికి కోపం వచ్చింది.

“అమ్మమ్మా, సినిమాల్లో పనిమనుషులకే కదా ఈ యాస పెడతారు? జనం నవ్వుతారు.”

“అది మా అమ్మ మాట. నవ్వితే నవ్వినవాళ్ల సంగతి నేను చూసుకుంటాను.”

“నీకు కాదు, యూనిటీకి కదా అవమానం.”

పెద్దమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. మర్నాడు రాసుకున్న కాగితాలన్నీ తిరగరాసింది. ఇప్పుడు స్టెల్లా కూడా ఆ యాసలోనే మాట్లాడుతుంది. జాన్, లూయీజా, పెద్ద మేడలో స్టెల్లాను పెంచే లేడీ బ్లంట్, అందరూ అదే. ఒక్క యూనిటీని వేరుచేసి చూపించే మాట ఎక్కడా లేదు. నేను వెలుగుతో, మాస్టారు గాంధారంతో కిందామీదా పడి తెచ్చిన తేడాను ఈ మనిషి మాటలో చెరిపేసింది. అదీ సరైనదే అనిపించింది. తేడా వాళ్ల మీద పడిన వెలుగులో ఉంది గాని వాళ్లలో లేదు కదా.

తెర, ప్రదర్శన

తెరకు పూర్ణా మార్కెట్ దగ్గర తెల్ల పాప్లిన్ కొని రెండు పొరలు కుట్టించాం. సాయంత్రం గాలికి అది తెరచాపలా ఉబ్బి, స్టెల్లా ముఖం అటూ ఇటూ సాగింది. అడుగున గొట్టంలా మడత కుట్టించి, అందులో ప్లాస్టిక్ పైపు దూర్చి, పైపులో ఇసుక పోశాక కుదుటపడింది. ప్రొజెక్టర్ ఒక స్నేహితుడిది. కుర్చీలు కొన్ని, చాపలు ఎక్కువ.

చీకటి పడ్డాక మొదలుపెట్టాం. అపార్ట్‌మెంటువాళ్లు, వాచ్‌మన్ కుటుంబం, ఎదుటి ఇంట్లో అద్దెకుండే నర్సింగ్ విద్యార్థినులు, ట్యూషన్ ఎగ్గొట్టిన పిల్లలు. మొదటి పావుగంట ఫోన్లు వెలుగుతూనే ఉన్నాయి. యూనిటీ సరుకులు కుర్రాళ్లు లాక్కునే చోట పిల్లలు “ఏయ్!” అని అరిచారు. తర్వాత కొట్టే సన్నివేశంలో వయొలిన్ ఆగింది, పెద్దమ్మ మాట ఆగింది. కింద రోడ్డు మీద పోతున్న బస్సు హారన్ ఒక్కటే వినబడింది. ఆ తర్వాత ఫోన్లు వెలగలేదు. స్టెల్లా లేచి నిలబడినప్పుడు చప్పట్లు కొట్టారు. ఇద్దరూ ఒకే ఫ్రేములోకి వచ్చినప్పుడు నేను తెర వైపు చూడలేదు, జనం వైపు చూశాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇద్దరూ ఒకే నటి అని చాలామందికి తట్టనేలేదు! సినిమా అయ్యాక చెబితే నర్సింగ్ అమ్మాయిలు నమ్మలేదు, ఆ ఫ్రేము దగ్గర ఆపి చూపించాల్సి వచ్చింది.

ముగింపు దగ్గర పెద్దమ్మకు ముందే ఒక షరతు ఉంది. యూనిటీ లూయీజాను చంపి, తనూ చనిపోతుంది, జాన్‌కీ స్టెల్లాకీ మధ్య అడ్డు తొలగించడానికి. దాన్ని త్యాగం అని తను పొగడనంది. తెర మీద జరిగేది జరుగుతుంది, తను మాత్రం నోరు విప్పదు. అలాగే చేసింది. నాకూ ఈ ముగింపుతో పేచీ ఉంది. మిగిలిన ఇద్దరి పెళ్లికి ఆ పిల్ల చావు మరీ అనువుగా కుదిరింది. సినిమా అంతా యూనిటీ వైపు నిలబడి, చివర్లో ఆమెను దారిలోంచి తప్పించేసింది. కానీ పిక్‌ఫోర్డ్ ఆ చివరి సన్నివేశాల్లో కూడా దయ అడుక్కోదు. ఆ ముఖంలో నిర్ణయం ఉంది, అంతే. కథ చేసిన అన్యాయాన్ని నటి కొంత సరిచేసింది.

అయిపోయాక ఎవరూ వెంటనే లేవలేదు. వాచ్‌మన్ భార్య అడిగింది: “అన్ని అబద్ధాలు సెప్పినోడికి పెళ్లి సేసేసినారు, అన్నం పెట్టినోడని నమ్మిన గుంట సచ్చిపోనాది. ఆ జాన్‌కి శిచ్చేటి లేదా?”

పెద్దమ్మ అంది, “లేదమ్మా. రాసినోళ్లు పెట్టలేదు. నువ్వడిగావు కదా, అదే శిచ్చ.”

దాని మీద అరగంట వాదన నడిచింది. జాన్ తప్పేమీ లేదని, తాగుబోతు భార్యతో ఏం చేస్తాడని ఒకాయన. పెళ్లయిందని ముందే చెప్పి ఉంటే యూనిటీ బతికేదని నర్సింగ్ అమ్మాయిలు. తలుపు మీద అలాంటి రాత రాసి స్టెల్లాను పెంచినవాళ్లదే మొదటి తప్పని మాస్టారు. ఆమెకు అబద్ధం చెప్పడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే, జాన్ కూడా ఆ పనే చేశాడని ఆయన వాదన. నేను మాస్టారితో ఏకీభవిస్తాను, అయినా జాన్‌ను వదలను.

తర్వాతి పని

గాజువాకలో ఒక మిత్రుడు తమ మేడ మీద వేయమన్నాడు. అక్కడ సముద్రపు గాలి తక్కువ, వీధిలైటు ఎక్కువ, కాబట్టి తెర స్థలం మార్చాలి. మూడో రీలులో వ్యాఖ్యానం ఎక్కువైంది, జాన్ కోట కబుర్ల దగ్గర సగం తీసేస్తున్నాం. సినిమాకు ముందు అట్టపెట్టెనూ, మేనకోడలి రెండు వేషాల ఫొటోనూ బల్ల మీద పెడితే, రెండు పాత్రలూ ఒకరివేనని జనానికి ముందే తెలిసిపోతుంది. పెట్టాలా వద్దా అని ఇంకా తేలలేదు. సినిమా అయ్యాకే పెట్టాలని నా పట్టు. మాస్టారు స్టెల్లా పెళ్లి దగ్గర మోహన వాయించనంటున్నారు, దానికి బదులు ఏమిటో రిహార్సల్లో చూడాలి. ఈసారి యూనిటీ మాటలు తను చెబుతానని మేనకోడలు అడిగింది. పెద్దమ్మ ఒప్పుకుంది, కాగితం చూడకుండా చెప్పాలని షరతు పెట్టింది.